తల వంచని కథానాయిక

నవల అనగానే మన పెద్దలలో చాలామంది నొసలు ముడివేస్తారు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా పుస్తకములో నుండి తల ఎత్తని కుమార్తెను మందలించని తల్లి ఉండదు. అది ప్రేమ నవల అయితే ఇక చెప్పనక్కరలేదు. అయినా మందలించే ముందు ఒక ప్రశ్న వేసుకొనుట మంచిది. మన ఆడపిల్లలు ఆ పుస్తకాలలో దేనిని వెదకుచున్నారు?

పాత కాలమును నేపథ్యముగా తీసికొని వ్రాసిన ప్రేమ నవలలలో ఒక కథానాయిక మాటిమాటికి ఎదురవుతుంది. అభిమానవతి. మాటకు మాట చెప్పగలది. గొప్ప సంబంధము గుమ్మములోకి వచ్చినా మనసు ఒప్పకపోతే కాదంటుంది. చుట్టుపక్కలవారు ఆమెను పొగరుబోతు అంటారు, పాఠకులు మాత్రము ఆమెను విడిచిపెట్టరు. ఇందులో మేలెంతో, కీడెంతో ఈ నెల కలిసి ఆలోచించుదము.

ఈ కథానాయికలందరికి పెద్దక్క వంటిది ఎలిజబెత్ బెన్నెట్. ఇంగ్లాండులోని హాంప్‌షైరులో ఒక పాదిరిగారి కుమార్తెగా 1775లో పుట్టిన జేన్ ఆస్టిన్ తన పేరు వేసుకొనకుండా 1813లో ప్రచురించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నవలలో ఈమె కనబడుతుంది. ఆ ఇంట ఐదుగురు ఆడపిల్లలు, మగ సంతానము లేదు. ఆస్తి మగవారికే చెందాలన్న కట్టుబాటు వలన తండ్రి కన్నుమూసిన నాడు ఇల్లూ భూమీ ఒక బంధువు పాలవుతాయి. ఆ బంధువే వచ్చి ఎలిజబెత్‌ను చేసుకుంటానంటాడు. ఒప్పుకుంటే తల్లికి, తోబుట్టువులకు నీడ మిగులుతుంది. ఆమె ఒప్పుకోదు. తరువాత ఏడాదికి 10,000 పౌండ్ల రాబడిగల డార్సీ వస్తాడు. మీ కుటుంబము మాకు తగినది కాకపోయినా మనసు ఆపుకోలేక అడుగుచున్నానన్న ధోరణిలో మాట్లాడతాడు. అతనినీ కాదంటుంది.

ఆ ‘కాదు’ విలువ తెలియాలంటే ఆనాటి స్థితి తెలియాలి. వివాహమైన స్త్రీ సొమ్ము సాధారణముగా భర్త అధీనమయ్యేది. పెండ్లయిన స్త్రీ తన ఆస్తిని తన పేరనే ఉంచుకొనే హక్కు ఇంగ్లాండులో 1882 చట్టముతో గాని స్థిరపడలేదు. మర్యాదస్థుల కుమార్తెకు జీతము తెచ్చే పని అంటే పరుల ఇంట పిల్లలకు చదువు చెప్పుట తప్ప పెద్దగా ఏదీ లేదు. ఇంటిలో, పొలములో, చట్టములో ఆమెది అనదగినది ఏదీ లేనప్పుడు ‘నేను ఒప్పుకోను’ అన్న ఒక్క మాటే ఆమె ఆస్తి. పాఠకురాలు మెచ్చుకొనే గర్వము ఇదే. పెండ్లిచూపులలో తల వంచుకొని కూర్చుని, తన బదులు ఇతరులు ‘సరే’ అనుట విన్న మన అమ్మాయికి ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో పెద్దలు గ్రహించాలి. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ నవలలోని జయంతిని తెలుగు స్త్రీలు అంతగా అభిమానించుటలో కూడ ఆ అమ్మాయి ఆత్మాభిమానమునకు పాత్ర ఉన్నది.

ఆస్టిన్ తన కాలపు కథనే వ్రాసినది. అదే కాలమును చరిత్రగా తీసికొని ప్రేమకథలు అల్లినవారిలో ముఖ్యురాలు ఇంగ్లాండుకు చెందిన జార్జెట్ హేయర్. 1935లో వచ్చిన ఆమె నవల ‘రీజెన్సీ బక్’లో జూడిత్ టావెర్నర్ ధనవంతురాలు, తన బండి తానే తోలుకొని లండను వీధులలో తిరుగుతుంది, సంరక్షకుడైన ప్రభువు మాటకు ఎదురు చెబుతుంది. ఇటువంటి కథలలో పాత కాలపు బండ్లు, బట్టలు అలంకారము మాత్రమే కావు. కట్టుబాట్లు ఎంత బిగువుగా ఉంటే కథానాయిక ధైర్యము అంత స్పష్టముగా కనబడుతుంది.

అయితే అభిమానమంతా ఒకటి కాదు. అమెరికాలో మార్గరెట్ మిచెల్ వ్రాసిన ‘గాన్ విత్ ద విండ్’ 1936లో వెలువడి, మరుసటి ఏడు పులిట్జర్ బహుమానము పొందినది. 1861లో అంతర్యుద్ధము మొదలయ్యే నాటికి స్కార్లెట్ ఓహారా పదహారేండ్ల పిల్ల. యుద్ధము నడుమ ఇల్లు దోపిడికి గురై, తల్లి మరణించి, తండ్రి మతి తప్పినప్పుడు చేతులు బొబ్బలెక్కేలా ప్రత్తి తీస్తుంది. భూమికి పన్ను కట్టుటకు 300 డాలర్లు కావలసి వస్తే, కిటికీ తెరల మఖమలుతో గౌను కుట్టించుకొని, బీదతనము కనబడనీయకుండా అప్పు కొరకు వెళుతుంది. నేలను నమ్ముకొని బ్రదికే మన కుటుంబాలకు ఆ పట్టుదల అర్థమవుతుంది. కాని అప్పు దొరకకపోయేసరికి, చెల్లెలు చేసుకోబోయే వానికి అబద్ధము చెప్పి అతనిని తానే పెండ్లాడుతుంది. ఆమె గర్వమునకు వెల చెల్లించినది చెల్లెలు. పైగా ఈ నవల నల్లవారి బానిసత్వపు ఘోరమును కప్పిపుచ్చి ఆ కాలమును అందముగా చూపినదన్న విమర్శ న్యాయమైనదే. పట్టుదలను మెచ్చుకుంటూనే దీనిని పిల్లలకు చెప్పవలసి ఉన్నది.

ఇంతకంటె పెద్ద ప్రమాదము మరొకటి కలదు. 1972లో అమెరికాలో కాథ్లీన్ వుడివిస్ వ్రాసిన ‘ద ఫ్లేమ్ అండ్ ద ఫ్లవర్’ విపరీతముగా అమ్ముడుపోయి, అదే బాటలో ఎన్నో చారిత్రక ప్రేమ నవలలు వచ్చుటకు దారి తీసినది. అందులో కథానాయకుడు తొలి పరిచయములోనే కథానాయికను బలవంతము చేస్తాడు, చివరకు అతడే ఆమె ప్రియుడవుతాడు. ఆ తరువాత వచ్చిన పలు నవలలలోనూ అదే వరుస. ఆడదాని పొగరు అణచుటయే మగతనము, ఆమె ‘వద్దు’ అంటే లోపల ‘సరే’ అని అర్థము అన్న అబద్ధమును అటువంటి కథ అందముగా వినిపిస్తుంది. ఇది ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకు కూడ విషమే. మా అభిప్రాయములో తల్లిదండ్రులు భయపడవలసినది తల వంచని కథానాయికకు కాదు, ఆమె తల బలవంతముగా వంచే కథానాయకునికి.

దీనికి బదులుగా కెనడా రచయిత్రి జానెట్ ఓక్ 1979లో ప్రచురించిన ‘లవ్ కమ్స్ సాఫ్ట్లీ’ని చూడండి. భర్తతో పడమటి బీడు నేలలకు వలస వచ్చిన మార్టీ గర్భవతిగా ఉండగానే విధవరాలవుతుంది. భార్యను పోగొట్టుకొన్న క్లార్క్, తన పసిబిడ్డకు తల్లి కావాలని, పేరుకు మాత్రమే వివాహమాడమని అడుగుతాడు. వసంతములో బండ్లు తూర్పునకు మరలినప్పుడు వెళ్ళదలిస్తే దారి ఖర్చులు తానే ఇస్తానని మాట ఇస్తాడు. మార్టీ మొండిది. సహాయము పుచ్చుకొనుట ఆమెకు అవమానముగా ఉంటుంది. క్లార్క్ వేరు గదిలో పడుకుంటాడు, ప్రార్థించుకుంటాడు, పనిలో తోడ్పడతాడు, వేచి ఉంటాడు. వెళ్ళుటకు దారి తెరచి ఉండగానే ఆమె ఉండిపోతుంది.

ఎలిజబెత్ విషయమూ అంతే. డార్సీ ఉత్తరము చదివిన తరువాత, ఒక మోసగానిని నమ్మి అతనికి అన్యాయము చేశానని తానే తెలుసుకుంటుంది. ఆమె మాటలు గుచ్చుకొని డార్సీ కూడ తన అహంకారమును చూచుకుంటాడు. ఇద్దరూ నిజము ఎదుట తల వంచుతారు. అప్పుడే రెండవసారి అడిగిన మాటకు ‘సరే’ వస్తుంది.

కాబట్టి పుస్తకమును లాగివేసి అటక మీద దాచుట కంటె, అన్నము వడ్డిస్తూ అమ్మాయిని మూడు ప్రశ్నలు అడగండి. ఆమె కాదన్నప్పుడు అతడు ఏమి చేశాడు? ఆమెలో మార్పు ఎందువలన వచ్చినది? ఆమె గర్వమునకు వెల ఎవరు చెల్లించారు? ప్రక్కన కూర్చున్న అబ్బాయిని కూడ ఆ మాటలు విననివ్వండి. రేపు మన ఇంటికే సంబంధము వచ్చినప్పుడు, కుమార్తె తల ఎత్తి ‘నాకు ఇష్టము లేదు’ అంటే, దానిని పొగరు అనకుండా ఆమెకు దగ్గరగా కూర్చుని కారణము అడుగుటకు ఈ సంభాషణ మనలను కూడ సిద్ధపరుస్తుంది.