ఎద్దుల బండి ఆటకు ముగింపు కుదిరిన కథ

బాలలూ! మీలో చాలామందికి పులిజూదం తెలుసు, వైకుంఠపాళీ తెలుసు. పులిజూదంలో అంతా ఆలోచనే, అదృష్టానికి చోటు లేదు. వైకుంఠపాళిలో అంతా పందెమే. ఎంత తెలివిగలవాడైనా గవ్వలు ఎలా పడితే అలా పాము నోట్లో పడవలసిందే. కంప్యూటర్ మీద ఆడే 'బతికి బయటపడే' ఆటలు ఈ రెండింటికీ మధ్యన ఉంటాయి.

మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు కిందటేడు అటువంటి ఆట ఒకటి తయారుచేశారు. ఊరిమీదికి ఉప్పెన వస్తుంది. చెట్టెక్కాలి, ఆకలికి తట్టుకోవాలి, పాములను తప్పించుకోవాలి. చివరకు తెరమీద "మీరు గెలిచారు" అని పడుతుంది. నేనూ ఆడాను. నాలుగుసార్లు పాము కరిచి చచ్చిపోయాను. అయిదోసారి గెలిచాను గాని, ఎందుకు గెలిచానో నాకే తెలియలేదు.

"మాస్టారూ, ఎవరూ రెండోసారి ఆడటం లేదండీ. ఏం చెయ్యమంటారు?" అని అడిగారు పిల్లలు. జవాబుగా వాళ్లకు ఒక పాత ఆట చరిత్ర చెప్పాను. మీరూ వినండి.

1971లో అమెరికాలోని మిన్నియాపొలిస్ నగరంలో డాన్ రావిచ్ అనే యువకుడు ఎనిమిదో తరగతికి చరిత్ర చెబుతున్నాడు. మన బి.ఇడి. విద్యార్థులు బడికి శిక్షణకు వెళతారే, అలా వెళ్లినవాడే. పాఠమేమిటంటే, 1840 తర్వాత లక్షలమంది ఎద్దుల బళ్లు కట్టుకొని పడమటికి వలసపోయిన కథ. మిస్సోరి నుంచి ఓరిగాన్‌కు దారి 2,000 మైళ్ల పైచిలుకు, అంటే సుమారు 3,200 కిలోమీటర్లు. అయిదారు నెలల ప్రయాణం. రావిచ్‌తో ఒకే ఇంట్లో ఉంటున్న బిల్ హైన్‌మన్, పాల్ డిలెన్‌బర్గర్ లెక్కల ఉపాధ్యాయులు కాబోతున్నవారు. వారికి బేసిక్ అనే కంప్యూటర్ భాష వచ్చు. ముగ్గురూ కలిసి రెండు వారాల్లో 'ఓరిగాన్ ట్రెయిల్' అనే ఆట రాశారు. డిసెంబరు 3న పిల్లలు ఆడారు. తెర లేదు సుమా! టెలిప్రింటర్ వంటి యంత్రం కాగితపు చుట్టమీద టకటకా అచ్చుకొట్టేది. వేటాడాలంటే 'బ్యాంగ్' అని టైపు చెయ్యాలి. ఎంత త్వరగా కొడితే అంత గురి.

ఆ టర్ము ముగిశాక రావిచ్ ఆటను కాగితంమీద అచ్చు తీసుకొని, కంప్యూటర్ నుంచి చెరిపేశాడు. 1974లో మిన్నెసోటా రాష్ట్రంలో బడులకు కంప్యూటర్ సాయం అందించే ఒక సంస్థలో ఉద్యోగం దొరికింది. అక్కడ ఆ కాగితాలు చూసి మళ్లీ టైపు చేశాడు. అయితే ఉన్నదున్నట్టు వదిలెయ్యలేదు. ఆ దారిన నడిచినవాళ్లు రాసుకున్న డైరీలు చదివి, ఏ గండం ఎంత తరచుగా వచ్చిందో చూసి, ఆటలోని అంకెలు సవరించాడు.

అంకెలు మారిస్తే కథ మారుతుందా? మారుతుంది. ఎలాగో చూద్దాం.

ఇటువంటి ఆటలో కంప్యూటర్ ప్రతి మజిలీలోనూ 0కీ 1కీ మధ్య ఏదో ఒక సంఖ్యను గవ్వ వేసినట్టు తీస్తుంది. ఆ సంఖ్య 0.1 కన్న తక్కువైతే గండం వచ్చినట్టు అని రాశామనుకోండి. పదింట ఒక వంతే కదా, ఏముందిలే అనిపిస్తుంది. కాని పది మజిలీలు క్షేమంగా దాటాలంటే 0.9ని పదిసార్లు వేసి హెచ్చించాలి. చేసి చూడండి, సుమారు 0.35 వస్తుంది. నూరుమంది బయలుదేరితే చేరేది ముప్పయ్యయిదుగురే! నిజంగా ఆ దారిలో చనిపోయినవారు నూటికి నలుగురి నుంచి ఆరుగురిదాకా అని చరిత్రకారుల అంచనా. ఆ లెక్క రావాలంటే ఒక్కో మజిలీకి ప్రాణగండం వెయ్యింట అయిదు వంతులకు అటూఇటూగా ఉండాలి. మా పిల్లలు పాముకాటుకు పెట్టిన అంకె 0.3! ఇక బతికేదెవరు?

ఏ గండాన్ని పెద్దది చెయ్యాలో కూడా ఊహకు వదలకూడదు. సినిమాలు చూసినవారు ఆ దారిలో ఆదివాసుల బాణాలే పెద్ద ప్రమాదమనుకుంటారు. 1840–60 మధ్య వారి చేతుల్లో పోయిన వలసదారులు 400 లోపేనని చరిత్ర పరిశోధకుడు జాన్ అన్రూ లెక్కతేల్చాడు. ఎక్కువమందిని చంపింది కలరా. బళ్లన్నీ ఆగేచోట మలినమైన నీటినే అందరూ తాగేవారు. కలరా నీటిద్వారా వస్తుందని లండన్‌లో జాన్ స్నో చూపింది 1854లో. అంతకుముందు బండి ఎక్కినవాడికి నీళ్లు కాచుకోవాలని ఎవరు చెబుతారు?

ఇక ముగింపు సంగతి. తొలినాటి ఆటలో చనిపోతే, అంత్యక్రియలు ఘనంగా చెయ్యాలా, సెయింట్ లూయిస్‌లో ఉన్న మీ శాడీ పిన్నికి కబురు పంపాలా అని అడిగేది. చేరితే అమెరికా అధ్యక్షుడి అభినందనలు అచ్చయ్యేవి. అంతే.

1985లో ఫిలిప్ బౌచర్డ్ బృందం దాన్ని కొత్తగా రాసింది. బండిలో అయిదుగురు, వారికి పేర్లు మీరే పెట్టాలి. తమ్ముడి పేరు పెట్టి చూడండి, వాడికి జ్వరమొస్తే ఎలా ఉంటుందో! దారి చివర కొలంబియా నదిలో తెప్పమీద రాళ్లు తప్పించుకుంటూ దిగాలి, లేదా సుంకం కట్టి కొండదారిన పోవాలి. అంటే చివరి గండం ఆటగాడి చేతిలోనే ఉందన్నమాట. చేరాక మార్కులు, ఎందరు ఎంత ఆరోగ్యంగా చేరారన్నదాన్నిబట్టి. బాంకరుగా ఎక్కువ డబ్బుతో బయలుదేరినవాడికంటే, తక్కువ డబ్బుతో బయలుదేరిన రైతుకు మూడు రెట్లు. నాకన్నిటికన్నా నచ్చినది సమాధిరాయి. చనిపోయినవాడు దానిమీద ఒక మాట రాసిపెట్టవచ్చు. ఆ డిస్కుమీద తర్వాత ఆడేవాడికి దారిలో ఆ రాయి కనిపిస్తుంది.

అయినా ఒక లోటు మిగిలింది. బండివాడు చేరిన నేల అప్పటికే మరొకరిది. అతని సుఖాంతం ఆదివాసులకు సుఖాంతం కాదు. 2021లో వచ్చిన కొత్తరూపంలో ఆదివాసీ చరిత్ర తెలిసిన పండితులను సంప్రదించి, వారి పాత్రలనూ వారి కథలనూ చేర్చారు. అయిదు దశాబ్దాలు పట్టింది!

ఇది విన్నాక మా పిల్లలు నోటుపుస్తకాలు పట్టుకొని ఊళ్లో ముసలివాళ్ల దగ్గరికి వెళ్లారు. ఉప్పెన చూసిన ఒక అవ్వ, "పాములూ మేమూ ఒకే చెట్టుమీదున్నాం నాయనా, ఒక్కటీ కరవలేదు. చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క లేదు" అందట. పాముకాటు అంకె 0.3 నుంచి 0.01కి దిగింది. మంచినీళ్ల కుండ కొత్తగా చేరింది. చివర "మీరు గెలిచారు" తీసేశారు. చెట్టు దిగాక కుండలో ఎంత మిగిలిందో చూపి, ఎవరెవరికి పోస్తారని ఆట అడుగుతుంది.

మొన్న మళ్లీ ఆడాను. బతికాను. కుండలో రెండు చెంబులున్నాయి. ఎదురుగా తొమ్మిదిమంది నిలబడ్డారు.