వీడియో గేముల వ్యాపారీకరణ

వీడియో గేముల వ్యాపారీకరణ అనగా ఒక ఆట ఆదరణ పొంది లాభాలు తెచ్చిన తరువాత, దానిని తయారుచేసిన సంస్థ ఆటగాళ్ళ పట్ల తన విధానాన్ని మార్చుకొనుట. ఆరంభంలో ఆటగాడు సంస్థకు సలహాదారుడు, ప్రచారకుడు. విజయం తరువాత అతడు ముఖ్యంగా ఆదాయ మార్గమవుతాడు. ఈ మార్పు అన్ని సంస్థలలోను ఒకే విధంగా ఉండదు. సంస్థకు డబ్బు ఏ పద్ధతిలో వస్తుంది అనేదానిపై ఇది ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

తొలి దశ

1993లో ఐడి సాఫ్ట్‌వేర్ అనే చిన్న అమెరికా సంస్థ డూమ్ ఆటలోని మొదటి భాగాన్ని ఉచితంగా పంచుకొనుటకు అనుమతించింది. నచ్చినవారు మిగిలిన భాగాలను కొనుక్కొనేవారు. ఆటలో కొత్త దశలను ఆటగాళ్ళే తయారు చేసుకొనే వీలుండేది. 1997లో ఆ సంస్థ ఆట సోర్స్ కోడ్‌ను కూడా విడుదల చేసింది.

వాల్వ్ సంస్థ వారి హాఫ్-లైఫ్ (1998) ఆధారంగా మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు అభిమానులు 1999లో కౌంటర్-స్ట్రైక్‌ను రూపొందించి ఉచితంగా అందించారు. 2000లో వాల్వ్ ఆ ఆట హక్కులను కొని, వారిద్దరినీ ఉద్యోగంలో చేర్చుకొంది. తెలుగు పట్టణాలలోని ఇంటర్నెట్ కేంద్రాలలో గంటల లెక్కన డబ్బు చెల్లించి యువకులు ఆడిన ఆటలలో ఇది ఒకటి.

మార్పునకు కారణాలు

ఆటను ఒక్కసారి అమ్మే పద్ధతిలో, కొన్నవాడు తృప్తి చెందితే సంస్థ పని దాదాపు ముగిసినట్లే. ఆన్‌లైన్ ఆటలకు సర్వర్ల ఖర్చు, సిబ్బంది జీతాలు నెలనెలా ఉంటాయి. అందుచేత ఆటను ఉచితంగా ఇచ్చి, లోపలి వస్తువులను అమ్మే పద్ధతి వ్యాపించింది. ఇందులో ఎక్కువమంది ఏమీ కొనరు. ఆదాయంలో అధిక భాగం కొద్దిమంది నుండే వస్తుంది. కాబట్టి ఆ కొద్దిమంది చేత మళ్ళీ మళ్ళీ కొనిపించుట ఆట రూపకల్పనలో భాగమవుతుంది. ఇందుకు వాడే ముఖ్యమైన పద్ధతులు:

* ఆట నాణేలు: రూపాయలను ముందుగా ఆటలోని నాణేలుగా మార్చుకోవాలి. దీనివలన వస్తువు అసలు ధర మరుగున పడుతుంది.
* లూట్ బాక్సులు: ఏమి వస్తుందో తెలియకుండా డబ్బు చెల్లించి తెరిచే పెట్టెలు.
* రోజువారీ బహుమతులు: ఒక్కరోజు ఆడకపోయినా నష్టపోతామనే భావన కలిగిస్తాయి.

ఒకప్పుడు ఉచితంగా పుట్టిన కౌంటర్-స్ట్రైక్‌లోనే 2013లో తాళం వేసిన ఆయుధాల పెట్టెలు వచ్చాయి. తాళంచెవిని డబ్బుతో కొనాలి. హైదరాబాదులో కూడా స్టూడియో ఉన్న ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ 2017లో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2లో, పూర్తి ధర చెల్లించినవారికి సైతం ఇటువంటి పెట్టెలు పెట్టింది. తీవ్ర నిరసన రావడంతో వాటి అమ్మకాన్ని విడుదల సమయంలోనే నిలిపివేసింది. 2018లో బెల్జియం దేశపు నియంత్రణ సంస్థ కొన్ని ఆటల లూట్ బాక్సులను జూదంగా పరిగణించింది.

తెలుగు రాష్ట్రాలలో

2016లో జియో రాకతో డేటా చవక అయిన తరువాత, సూర్యాపేట జిల్లాలోని తిరుమలగిరి వంటి చిన్న పట్టణాలలో కూడా ఫోనే ఆటయంత్రమయింది. 2018లో వచ్చిన పబ్‌జి మొబైల్‌ను కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరులో నిషేధించింది. దాని స్థానంలో క్రాఫ్టన్ సంస్థ 2021లో బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియాను విడుదల చేసింది. అది కూడా 2022లో నిలిపివేయబడి, 2023లో తిరిగి వచ్చింది. అప్పుడు 18 ఏళ్ళ లోపువారికి రోజుకు 3 గంటలు, ఇతరులకు 6 గంటలు చొప్పున పరిమితి విధించబడింది.

పండుగలకు, పెళ్ళిళ్ళకు బంధువులు కూర్చుని ఆడుకొనే పదమూడు ముక్కలాట (రమ్మీ) చరిత్ర మరింత స్పష్టమైన ఉదాహరణ. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించిన కేసులో సుప్రీం కోర్టు, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని చెప్పింది. దీనిని 1968 నాటి తీర్పుగా ఉదహరిస్తారు. అయితే పందెపు ఆట మీద నిర్వాహకుడు లాభం పొందుతుంటే అది నేరం కావచ్చునని కూడా అదే తీర్పు పేర్కొన్నది. ఆన్‌లైన్ రమ్మీ సంస్థలు పందెపు సొమ్ములో కొంత రుసుముగా తీసుకొనేవి. ఎవరు గెలిచినా సంస్థ రాబడి తగ్గదు. ఎన్ని ఆటలు జరిగితే అంత లాభం. కనుక ఓడినవానిని ఆపుట కంటే మరల ఆడించుటయే సంస్థకు మేలు.

తెలంగాణ 2017లో, ఆంధ్ర ప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి, డబ్బు పందెంతో కూడిన ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా ఇటువంటి చట్టమే చేసింది.

మినహాయింపులు

విజయం ప్రతిసారీ ఆటగాళ్ళకు నష్టమే తెస్తుందని చెప్పలేము. 2016లో విడుదలైన నో మ్యాన్స్ స్కై బాగా అమ్ముడయినా, చెప్పిన అంశాలు లేవని విమర్శలు ఎదుర్కొంది. దానిని తయారుచేసిన హలో గేమ్స్, ఆ తరువాత ఏళ్ళ తరబడి కొత్త భాగాలను ఉచితంగా చేర్చింది.

ఆటగాళ్ళ హక్కులు

2024లో యూబిసాఫ్ట్ ద క్రూ ఆట సర్వర్లను మూసివేయడంతో, డబ్బుపెట్టి కొన్నవారు కూడా దానిని ఆడలేకపోయారు. కొన్న ఆటలను ఇలా పనికిరాకుండా చేయరాదని కోరుతూ "స్టాప్ కిల్లింగ్ గేమ్స్" అనే ఉద్యమం అదే సంవత్సరం మొదలయింది. ఆటగాడు కొన్నది వస్తువునా, లేక సంస్థ ఇష్టమున్నంత కాలం ఆడుకొనే అనుమతినా అన్నది ఈ వివాదంలో ప్రధానమైన ప్రశ్న.