తెల్లారకముందే లేపే పిల్లితో పక్క పంచుకోవడం ఎలా?

పిల్లి రోజుకి 12 నుంచి 16 గంటలు నిద్రపోతుంది. కూనలు, ముసలి పిల్లులు ఇంకా ఎక్కువే పడుకుంటాయి. పదిహేనేళ్లు బతికిన పిల్లి అందులో దాదాపు ఎనిమిది నుంచి పదేళ్లు నిద్రలోనే గడిపిందన్నమాట. ఇంత నిద్రపోయే జీవి మనల్ని ఏడు గంటలు ప్రశాంతంగా పడుకోనివ్వదేం? పిల్లిని పక్కలో పడుకోబెట్టుకునే ఇళ్లన్నిటిలోనూ ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తుంది. కొందరు విసిగిపోయి తలుపు వేసేసుకుంటారు. తలుపు వేయక్కర్లేదని, రాత్రి పూట జరిగే ఈ గొడవని చాలావరకు సాయంత్రమే సర్దుకోవచ్చని నా నమ్మకం. ఎందుకో లెక్కలతోనే చెబుతాను.

మనం నిద్రంతా ఒకే మొత్తంగా పోతాం. పిల్లి ముక్కలు ముక్కలుగా పోతుంది. గంట, గంటన్నర నిద్ర, ఆ తర్వాత పావుగంటో అరగంటో మెలకువ, మళ్లీ నిద్ర. పగలూ రాత్రీ దాని వరస ఇదే. మీరు పదిన్నరకి పడుకుని ఆరున్నరకి లేస్తారనుకుందాం. ఆ ఎనిమిది గంటల్లో మీ పిల్లి నాలుగైదు సార్లు లేస్తుంది. లేచిన ప్రతిసారీ ఒళ్లు విరుచుకుంటుంది, నాక్కుంటుంది, గిన్నె దగ్గరికి వెళ్లి వస్తుంది, చోటు మారుతుంది. ఇందులో మీ నిద్ర చెడగొట్టాలన్న ఉద్దేశం ఏమీ లేదు. దాని మెలకువలు మీ నిద్ర మధ్యలో పడుతున్నాయి, అంతే.

ఈ ముక్కల నిద్ర ఎందుకొచ్చిందో తెలియాలంటే దాని తిండి లెక్క చూడాలి. నాలుగు కిలోల పిల్లికి రోజుకి సుమారు 240 క్యాలరీలు కావాలి. ఒక చిట్టెలుకలో ఉండేది దాదాపు 30 క్యాలరీలు. అంటే సొంతంగా వేటాడి బతకాల్సిన పిల్లి రోజుకి ఎనిమిది ఎలుకలు పట్టాలి, అదీ వేసిన ప్రతి దూకూ ఫలించదు కాబట్టి అంతకు ఎన్నో రెట్లు మాటు వేయాలి. తోడేళ్లలాగా గుంపుగా ఒక పెద్ద జంతువుని పడగొట్టి, కడుపు నింపుకుని, రోజంతా పడుకునే బతుకు కాదు దానిది. వేట, చిన్న భోజనం, శుభ్రం చేసుకోవడం, కునుకు. రోజంతా ఇదే చుట్టు. మన ఇళ్లలో తిరిగే పిల్లులన్నిటికీ మూలం ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల అడవి పిల్లి. సైప్రస్ దీవిలో 9,500 ఏళ్ల నాటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లిని పాతిపెట్టిన ఆనవాళ్లు దొరికాయి. అన్ని వేల ఏళ్లుగా మనతో ఉన్నా, ఈ చుట్టు మాత్రం పెద్దగా మారలేదు. గిన్నెలో ఎప్పుడూ తిండి ఉంచి వదిలేస్తే ఇంటి పిల్లి ఇప్పటికీ రోజుకి పది నుంచి ఇరవై సార్లు కొంచెం కొంచెంగా తింటుంది.

సరే, మరి సరిగ్గా తెల్లవారుజామునే ఎందుకు లేపుతుంది? పిల్లి పూర్తిగా రాత్రి జంతువని చాలామంది అనుకుంటారు. అది ఎక్కువ చురుగ్గా ఉండేది రెండు సంధ్యల్లో, పొద్దు గుంకే వేళ, పొద్దు పొడిచే వేళ. ఎలుకలు, పిట్టలు కదిలేదీ అప్పుడే. మే నెలలో మన ఊళ్లలో అయిదున్నర, అయిదుముప్పావు మధ్య సూర్యుడు వస్తాడు. అంతకు ముందే వెలుతురు చీలుతుంది, కిటికీ బయట పిట్టలు మొదలవుతాయి, గోడ మీద బల్లి కదులుతుంది. మన చెవి 20 వేల హెర్ట్జ్‌ల దాకానే వినగలదు. హెర్ట్జ్ అంటే సెకనుకి ఎన్ని కంపనాలో చెప్పే కొలత. పిల్లి 60 వేలు దాటిన శబ్దాలు కూడా వింటుంది. మీకు నిశ్శబ్దంగా ఉన్న గదిలో దానికి ఎన్నో చప్పుళ్లు. పైగా రాత్రి ఎనిమిదికి తిండి పెట్టి అప్పటికి ఎనిమిది గంటలు దాటి ఉంటుంది, అదంతా అరిగిపోయి ఉంటుంది.

ఇది పుట్టుకతో వచ్చిన గుణమైతే మార్చగలమా అన్నది తర్వాతి సందేహం. ఇటలీలోని మెస్సీనా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. పది పిల్లుల్ని రెండు జట్లుగా గమనించారు. ఒక జట్టు ఎక్కువ భాగం ఇంట్లో యజమానులతోనే ఉండేది. రెండో జట్టుని రాత్రిళ్లు బయట వదిలేవారు. ఇంట్లో ఉన్న పిల్లుల కదలికలు యజమానులు లేచే, పడుకునే వేళలకి దగ్గరగా వచ్చేశాయి. బయట ఉన్నవి రాత్రి సంచారానికి అలవాటుపడ్డాయి. పది పిల్లులంటే చిన్న సంఖ్యే, ఒప్పుకుంటాను. కానీ పిల్లుల్ని పెంచినవాళ్లు చూసేదానితో ఇది సరిపోతుంది. పిల్లి మన దినచర్యని గమనిస్తుంది, దాన్నిబట్టి తన వేళల్ని కొంత జరుపుకుంటుంది.

కాబట్టి సాయంత్రం మీరేం చేస్తారన్నది ముఖ్యం. మీరు ఆఫీసుకో బడికో వెళ్లిపోయాక పగలంతా అది సోఫాలో పడుకుని ఉంటుంది. మీరు అలసిపోయి పడుకునే వేళకి దాని ఒంట్లో ఉన్న సత్తువంతా అలాగే మిగిలి ఉంటుంది. ముందు దాన్ని ఖర్చు చేయించాలి. పడుకోబోయే ముందు పది, పదిహేను నిమిషాలు తాడుకి ఈకో గుడ్డపేలికో కట్టి ఆడించండి. అది పరుగెత్తాలి, మాటు వేయాలి, దూకాలి, చివరికి దాని కాళ్లకి ఆ ఈక చిక్కాలి. ఆ వెంటనే తిండి పెట్టండి. వేట, భోజనం, ఒళ్లు నాక్కోవడం, నిద్ర అనే ఆ పాత చుట్టునే మీరు మీ నిద్రవేళకి జరిపినట్టవుతుంది. దీనికి తిండి పెంచక్కర్లేదు. నాలుగు కిలోల పిల్లికి పొడి మేత అయితే రోజుకి సుమారు 60 గ్రాములు సరిపోతుంది. అందులో మూడో వంతు, అంటే 20 గ్రాములు, ఈ చివరి పూటకి దాచండి. చేప అన్నం పెట్టే ఇళ్లలో అయినా వాటా ఇదే, చేప ముక్కలు కాస్త ఎక్కువ, అన్నం తక్కువ. పాలు మాత్రం వద్దు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు. రాత్రి పోసిన గిన్నెడు పాలు తెల్లవారుజామున విరేచనాలై మిమ్మల్నే లేపుతాయి.

ఇక దీనికన్నా కష్టమైన సగం ఉంది. నాలుగున్నరకి పిల్లి ముఖం మీద కాలు వేసి మ్యావ్ అంటుంది. మీరు లేచి గుప్పెడు మేత వేసి వచ్చి పడుకుంటారు. ఆ ఒక్క పనితో నాలుగున్నరకి లేపితే తిండి వస్తుందని దానికి నేర్పినట్టే. తిట్టినా అంతే, ఎందుకంటే తిట్టు కూడా దాని దృష్టిలో పలకరింపే. మానిపించాలంటే ఆ వేళలో కదలకూడదు, మాట్లాడకూడదు, చూడకూడదు. మొదటి కొన్ని రోజులు అది ఇంకా గట్టిగా అరుస్తుంది. ఇంతకుముందు పనిచేసిన ఉపాయం పనిచేయకపోతే ఏ ప్రాణైనా ముందు దాన్నే మరింత గట్టిగా ప్రయోగిస్తుంది. చాలామంది సరిగ్గా ఇక్కడే లొంగిపోతారు. అయిదో రోజు లొంగితే అయిదు రోజులు అరిస్తే తిండి వస్తుందని నేర్చుకుంటుంది. ఇంట్లో అందరూ ఒక మాట మీద ఉండాలి. అమ్మమ్మ జాలిపడి ఒక్క రోజు పెట్టినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అంత ఓర్పు లేకపోతే వేళకి దానంతటదే మూత తెరుచుకునే మేత పెట్టె కొనండి. అప్పుడు పిల్లి మిమ్మల్ని వదిలి ఆ పెట్టె ముందు కూర్చుంటుంది.

అసలు మన పక్కలోకే ఎందుకు వస్తుంది? ప్రేమ ఉంది, కాదనను. భద్రంగా అనిపించని చోట పిల్లి నిద్రపోదు. దాంతోపాటు వేడి లెక్క కూడా ఉంది. పిల్లి ఒంటి వేడి 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్, మనకన్నా రెండు మూడు డిగ్రీలు ఎక్కువ. ఒంటిని వెచ్చగానో చల్లగానో ఉంచుకోవడానికి ప్రత్యేకంగా శక్తి ఖర్చు పెట్టనక్కర్లేని గది వేడిమి పిల్లికి 30 నుంచి 38 డిగ్రీల సెల్సియస్. మన దేశంలో 2020 జనవరి నుంచి ఇంటి ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నిబంధన ఉంది. అంటే మీకు హాయిగా ఉన్న గది మీ పిల్లికి ఆరు డిగ్రీలు తక్కువ. ఆ ఆరు డిగ్రీల్ని అది మీ దుప్పట్లోంచి తీసుకుంటుంది. ఏసీ లేని ఇంట్లో మే నెలలో అదే పిల్లి మిమ్మల్ని వదిలి స్నానాల గది బండల మీద పడుకోవడం మీరు చూసే ఉంటారు. మరీ మీదకెక్కి ఊపిరాడనివ్వని పిల్లి ఉంటే, మంచం ఓ మూల పాత రగ్గుని మడతలు పెట్టి గూడులా వేసి చూడండి. వెచ్చటి చోటు దొరికితే అది మీ ఛాతీ దిగుతుంది.

మన నిద్ర నిజంగా ఎంత పోతుంది? అమెరికాలోని మేయో క్లినిక్ నిద్ర విభాగం వైద్యులు తమ దగ్గరికి వచ్చిన 150 మందిని అడిగి 2015లో ఫలితాలు ప్రచురించారు. వారిలో 74 మంది ఇళ్లలో పెంపుడు జంతువులున్నాయి. నిద్ర చెడుతోందని చెప్పినవాళ్లు 15 మంది, అంటే ఐదు ఇళ్లలో ఒక ఇల్లు. ఇబ్బంది లేదనో, పైగా హాయిగా ఉంటుందనో చెప్పినవాళ్లు 31 మంది. నిద్ర సమస్యతో ఆసుపత్రికి వచ్చినవాళ్లే ఇలా చెప్పారని గుర్తుంచుకోండి. 2018లో 962 మంది అమెరికన్ మహిళలతో చేసిన మరో సర్వేలో, పక్కలో కుక్క కన్నా పిల్లి ఎక్కువ కదిలిస్తుందని తేలింది. ఎంత ఎక్కువంటే, పక్కన పడుకున్న మనిషి ఎంత కదిలిస్తాడో అంత. రెండూ మనుషులు తమంతట తాము చెప్పిన మాటలే, యంత్రంతో కొలిచినవి కావు. మీ ఇంటి సంగతి మీ పగలే చెబుతుంది. ఏడు గంటలు పడుకుని కూడా మధ్యాహ్నం కళ్లు మూతలు పడుతుంటే వారం రోజులు పిల్లిని వేరే గదిలో పడుకోబెట్టి తేడా చూసుకోండి.

పిల్లి వెంట్రుక నోట్లో పడితే ఆయాసం వస్తుందని పెద్దవాళ్లు అంటారు. అందులో సగం నిజం ఉంది. ఆయాసం తెచ్చేది వెంట్రుక కాదు, పిల్లి లాలాజలంలోనూ చర్మంలోనూ తయారయ్యే ఫెల్ డి 1 అనే ప్రొటీన్. పిల్లి ఒళ్లు నాక్కున్నప్పుడు అది బొచ్చుకి అంటుకుని, ఎండి, సన్నని ధూళిగా లేస్తుంది. ఆ రేణువుల్లో కొన్నిటి సైజు 5 మైక్రాన్ల లోపే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంత సన్నటి ధూళి గాలిలో గంటలకొద్దీ తేలుతుంది, పరుపులో నెలలకొద్దీ ఉండిపోతుంది. పిల్లి ఇల్లు వదిలి వెళ్లాక కూడా అది తగ్గడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. అందుకే ఆస్తమా ఉన్నవాళ్లకి నేను మొహమాటం లేకుండా చెబుతాను, పిల్లి ఇంట్లో ఉండాలా వద్దా అన్నది వైద్యుడితో మాట్లాడుకోండి, పడకగదిలోకి మాత్రం వద్దు. మిగిలినవాళ్లు దుప్పట్లు, దిండు గలీబులు వారానికొకసారి ఉతికితే చాలు.

రోగాల భయం కొంత అవసరం, కొంత అనవసరం. పిల్లి గీరితే బార్టొనెల్లా అనే బ్యాక్టీరియా వల్ల జ్వరం, గ్రంథుల వాపు రావచ్చు. అమెరికాలో ఏటా సుమారు 12 వేల మందికి ఇది బయటపడుతోందని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ అంచనా. లక్ష జనాభా ఉన్న పట్టణంలో ఏడాదికి నలుగురైదుగురు. దాన్ని ఒక పిల్లి నుంచి మరో పిల్లికి చేర్చేవి బొచ్చులో దూకే చిన్న నల్ల పురుగులు, కాబట్టి పురుగుల మందు క్రమం తప్పకుండా వేయించండి. కుక్కల కోసం అమ్మే పెర్మెత్రిన్ మందు మాత్రం పిల్లికి ఎప్పుడూ వేయకండి, అది ప్రాణం తీస్తుంది. గర్భిణులు భయపడే టాక్సోప్లాస్మా పక్కలోంచి రాదు, మలంలోంచి వస్తుంది. మలంలో పడ్డ ఆ క్రిమి అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. అందుకని లిట్టర్ ట్రేని ఇంట్లో ఇంకెవరైనా రోజూ శుభ్రం చేయాలి. రేబిస్ దగ్గర మాత్రం ఏ సడలింపూ లేదు. బయట తిరిగి వచ్చి పక్కలో పడుకునే పిల్లికి ఏటా టీకా పడాల్సిందే. గీరినా కరిచినా సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. నెలల పిల్లలున్న ఉయ్యాల్లోకి, వాళ్ల పక్కలోకి పిల్లిని రానివ్వకండి. పిల్లి ఊపిరి పీల్చేస్తుందన్నది కట్టుకథ. కానీ ముఖం దగ్గర వెచ్చగా ముడుచుకున్న నాలుగు కిలోల బరువుని పసివాళ్లు తోసెయ్యలేరు.

నిద్రలో మీసాలు, కాళ్లు అదిరితే మూర్ఛ అని కంగారుపడకండి. అది కలల నిద్ర. ఒళ్లు పూర్తిగా వదులైపోయినా మెదడు మెలకువలో ఉన్నట్టే పనిచేసే ఈ దశని ఫ్రాన్స్‌లోని లియాన్‌లో మిషెల్ జూవే అనే శాస్త్రవేత్త 1959లో వివరంగా వర్ణించింది పిల్లుల మీద పరిశోధన చేసే. పిల్లి రోజుకి సుమారు మూడు గంటలు ఈ నిద్రలో ఉంటుంది. మనం గంటన్నర, రెండు గంటలు. అప్పుడు తట్టి లేపితే ఉలిక్కిపడి గీరుతుంది.

పక్కలో పిల్లి ఉన్నందువల్ల ఒక ప్రయోజనం కూడా ఉంది. అది గాఢంగా నిద్రపోతున్నప్పుడు పక్కటెముకలు ఎన్నిసార్లు పైకి లేస్తున్నాయో 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. ఆరోగ్యంగా ఉన్న పిల్లి నిమిషానికి 15 నుంచి 30 సార్లు ఊపిరి తీస్తుంది. రెండు మూడు రాత్రులు వరసగా 30 దాటితే గుండెలోనో ఊపిరితిత్తుల్లోనో ఇబ్బంది ఉండొచ్చు. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంటే మాత్రం ఆ రాత్రే పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి. అలాగే పదేళ్లు దాటిన పిల్లి, ఇన్నేళ్లూ బుద్ధిగా పడుకున్నది, ఉన్నట్టుండి రాత్రిళ్లు గట్టిగా అరవడం మొదలుపెడితే దాన్ని మొండితనం కింద వదిలేయకండి. థైరాయిడ్ ఎక్కువ కావడం, రక్తపోటు, మూత్రపిండాల జబ్బు, కీళ్ల నొప్పులు, ఇవన్నీ ముసలి పిల్లుల్లో అలా బయటపడతాయి. ఏ వేళకి అరిచింది, ఎంత నీళ్లు తాగింది, బరువు తగ్గిందా అన్నవి నాలుగు రోజులు రాసిపెట్టుకుని వెళ్తే వైద్యుడికి సగం పని తేలికవుతుంది.