ఫైబ్రాయిడ్లు: గర్భసంచికి చేసే చికిత్సతో అండాశయాలు దెబ్బతింటాయా? తర్వాత పిల్లలు పుడతారా?

తాపీ నది సముద్రంలో కలిసే చోట, సూరత్‌కు పడమరగా ఉంటుంది హజీరా. ఉక్కు, ఎరువులు, గ్యాస్ కంపెనీల్లో పని కోసం దేశం నలుమూలల నుంచి వచ్చినవారు అక్కడ కనిపిస్తారు. ఇక సూరత్ నగరంలోనైతే పవర్‌లూమ్‌లను నమ్ముకుని తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన నేత కుటుంబాలు తరాలుగా ఉన్నాయి.

ఇలా సొంతూరికి దూరంగా ఉండే ఇళ్లలో, స్కానింగ్‌లో 'గర్భసంచిలో గడ్డ ఉంది' అని తేలితే తొలి సంప్రదింపులు ఫోన్‌లోనే జరుగుతుంటాయి. 'ఊరికి వచ్చేయ్, తెలిసిన డాక్టర్ ఉన్నారు, గర్భసంచి తీయించేస్తే పీడ వదులుతుంది' అనే సలహా తెలుగు ఇళ్లకు కొత్తేమీ కాదు.

ఆ సలహా ఎంత మామూలైపోయిందో అంకెలే చెబుతాయి. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశవ్యాప్తంగా 3.2 శాతం. గుజరాత్‌లో అది 4.2 శాతం. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఎక్కువ మంది చెప్పిన కారణం అధిక రక్తస్రావం లేదా నొప్పి. ఆ తర్వాతి స్థానం ఫైబ్రాయిడ్లు, నీటి బుడగలది.

చిన్న వయసులోనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకునే అలవాటు బలంగా ఉన్న చోట, 'పిల్లలు పుట్టేశారు, ఇంక గర్భసంచితో పనేముంది' అన్న మాట తేలిగ్గా వచ్చేస్తుంది. ఆ మాటల్లో అండాశయాల ఊసు ఉండదు. నిజానికి 40 ఏళ్లలోపు మహిళకు అసలు ప్రశ్న అక్కడే ఉంది.

గడ్డ ఎంత పెద్దదన్నది కాదు, ఎక్కడుంది?

ఫైబ్రాయిడ్లు గర్భసంచి కండరంలో పెరిగే గడ్డలు. ఇవి దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కావు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ హార్మోన్లతో పెరుగుతాయి, మెనోపాజ్ తర్వాత సాధారణంగా కుంచించుకుపోతాయి. చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. అలాంటివారికి చికిత్స కూడా అక్కర్లేదు.

పిల్లల విషయానికొస్తే, గర్భసంచి లోపలి పొర వైపు ఉబ్బే గడ్డలు (సబ్‌మ్యూకస్) గర్భం నిలవడానికి అడ్డుపడతాయి. చిన్నవైనా సరే, వీటిని తీయించుకోవడం వల్ల ప్రయోజనం ఉంటుంది. బయటి గోడ మీద పెరిగేవి (సబ్‌సిరోసల్) పెద్దగా అడ్డు కావు. గోడ మధ్యలో ఉండేవాటి (ఇంట్రామ్యూరల్) గురించి వైద్యుల్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. రిపోర్టులో గడ్డ సైజు ఒక్కటే చూసి భయపడేవారు, అది ఏ రకమో రాసి ఉందా అన్నది కూడా చూడాలి.

గర్భసంచి తీసి అండాశయాలు ఉంచితే సరిపోతుందా?

'అండాశయాలు తీయలేదుగా, ఏమీ కాదు' అని ఆసుపత్రుల్లో తరచూ భరోసా ఇస్తుంటారు. అది సగం నిజమే.

అండాశయానికి రక్తం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి దాని సొంత ధమని. రెండోది గర్భసంచి ధమని నుంచి పైకి వచ్చే శాఖ. గర్భసంచిని తొలగించినప్పుడు ఈ రెండో దారి తెగిపోతుంది. ఆ తర్వాత అండాశయం పనిచేస్తూనే ఉంటుంది కానీ, కొందరిలో త్వరగా అలసిపోతుంది.

అమెరికాలో 30-47 ఏళ్ల మహిళలను ఐదేళ్ల వరకు గమనించిన ఒక అధ్యయనం 2011లో వెలువడింది. గర్భసంచి తీసి కనీసం ఒక అండాశయాన్ని ఉంచిన 406 మందిలో 14.8 శాతం మందికి ఆ కాలంలో అండాశయాలు పనిచేయడం ఆగిపోయింది. ఆపరేషన్ చేయించుకోని 465 మందిలో ఇది 8 శాతం. మొత్తం మీద మెనోపాజ్ రెండేళ్ల దాకా ముందుకు జరిగిందని పరిశోధకులు లెక్కగట్టారు. ఆపరేషన్ వల్లే ఇదంతా జరిగిందా, గర్భసంచి తీయించాల్సి వచ్చిన జబ్బుకూ ఇందులో పాత్ర ఉందా అన్నది పూర్తిగా తేలలేదు.

పీరియడ్స్ ఎలాగూ రావు కాబట్టి, అండాశయాలు ఆగిపోయిన సంగతి ఆ మహిళకు తెలియకపోవచ్చు. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, కీళ్ల నొప్పులు మొదలైతే 'పని ఒత్తిడి' అని సరిపెట్టుకుంటారు.

రెండు అండాశయాలూ తీసేస్తే మెనోపాజ్ రాత్రికి రాత్రే వస్తుంది. 45 ఏళ్లలోపు ఇలా జరిగి, హార్మోన్ చికిత్స కూడా తీసుకోకపోతే ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బుల ముప్పు పెరుగుతాయి. 'ఎలాగూ పొట్ట తెరుస్తున్నాం కదా, అవి కూడా తీసేద్దాం' అన్నది ఫైబ్రాయిడ్లకు సంబంధించినంతవరకు కారణమే కాదు.

గడ్డను మాత్రమే తీసేస్తే?

గర్భసంచిని ఉంచి గడ్డలను మాత్రమే తీసే ఆపరేషన్ మయోమెక్టమీ. పిల్లలు కావాలనుకునేవారికి సాధారణంగా సూచించేది ఇదే. ఆపరేషన్ తర్వాత అండాల నిల్వను సూచించే ఏఎంహెచ్ స్థాయి కొంత తగ్గినా, చాలామందిలో నెలల్లోనే కోలుకుంటుంది. దీని చిక్కులు వేరే. గడ్డలు మళ్లీ రావొచ్చు. లోతుగా కోసి కుట్టిన గర్భసంచి గట్టిపడటానికి కొన్ని నెలలు ఆగాకే గర్భం కోసం ప్రయత్నించాలి. కాన్పు సిజేరియన్ కావచ్చు. లోపలి పొర వైపు ఉన్న గడ్డలనైతే కోత లేకుండా, యోని మార్గంలో హిస్టరోస్కోప్‌తోనే తీయొచ్చు.

ఎంబోలైజేషన్‌లో కోత ఉండదు. తొడ లేదా మణికట్టు దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి, గర్భసంచి ధమనుల్లోకి ఇసుక రేణువుల్లాంటి కణాలను వదిలి గడ్డకు రక్తం అందకుండా చేస్తారు. కొన్ని కణాలు ఇందాక చెప్పిన శాఖ గుండా అండాశయం వైపు కూడా వెళ్లొచ్చు. 45 దాటినవారిలో పీరియడ్స్ శాశ్వతంగా ఆగిపోయే అవకాశం గణనీయంగానే ఉంటుంది, చిన్న వయసువారిలో చాలా తక్కువ.

బ్రిటన్‌లో 254 మంది మహిళలపై జరిగిన 'ఫెమ్' ట్రయల్ ఫలితాలు 2020లో వచ్చాయి. అండాల నిల్వ విషయంలో ఎంబోలైజేషన్‌కు, మయోమెక్టమీకి చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే అండాశయం బాగున్నంత మాత్రాన గర్భం నిలుస్తుందని కాదు. ప్రాగ్‌లో జరిగి 2008లో ప్రచురితమైన ఒక చిన్న ట్రయల్‌లో, ప్రయత్నించినవారిలో మయోమెక్టమీ తర్వాత 78 శాతం, ఎంబోలైజేషన్ తర్వాత 50 శాతం మంది గర్భం దాల్చారు. ఎంబోలైజేషన్ బృందంలో గర్భస్రావాలు కూడా ఎక్కువే. అందుకే పిల్లలు కావాలనుకునేవారికి వైద్యులు దీన్ని తొలి ఎంపికగా చెప్పరు.

మందుల సంగతి?

ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు రక్తస్రావాన్ని తగ్గిస్తాయి, అండాశయం జోలికి వెళ్లవు. ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్లు అండాశయాలను తాత్కాలికంగా నిద్రపుచ్చి గడ్డను కుదిస్తాయి. ఆపేశాక అండాశయాలు మేలుకుంటాయి, గడ్డా మళ్లీ పెరుగుతుంది. ఎముకల బలం తగ్గుతుంది కాబట్టి వీటిని ఎక్కువ కాలం వాడరు. అందుకే తరచూ ఆపరేషన్‌కు ముందు మాత్రమే ఇస్తారు.

ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు

35 దాటి ఇంకా పిల్లలు కావాలనుకుంటే, చికిత్సకు ముందే ఏఎంహెచ్ పరీక్ష చేయించుకోవడం మంచిది. తర్వాత పోల్చి చూసుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది. అయితే ఈ పరీక్ష అండాల సంఖ్యను సూచిస్తుంది తప్ప, సహజంగా గర్భం వస్తుందో రాదో చెప్పదు.

ఊరికి వెళ్లి చేయించుకోవాలనుకునేవారు ముందు ఇన్సూరెన్స్ కాగితాలు చూసుకోవాలి. సొంతంగా తీసుకున్న చాలా ఆరోగ్య బీమా పాలసీల్లో ఫైబ్రాయిడ్లు, గర్భసంచి తొలగింపునకు రెండేళ్ల వరకు నిరీక్షణ కాలం ఉంటుంది.

అనవసరంగా గర్భసంచులు తొలగిస్తున్నారన్న పిటిషన్‌పై 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఈ ఆపరేషన్లపై కేంద్రం 2022లో రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. పిటిషన్‌లో ప్రస్తావించినవి బిహార్, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్. ఆదేశం మాత్రం గుజరాత్‌కూ, రెండు తెలుగు రాష్ట్రాలకూ వర్తిస్తుంది. కాబట్టి సూరత్‌లో అయినా కరీంనగర్‌లో అయినా, 'గర్భసంచి ఎందుకు తీయాలి, వేరే దారి లేదా, అండాశయాలను ఉంచుతారా' అని అడిగి, జవాబును సంతకానికి ముందే కేస్ షీట్‌లో రాయించుకోవచ్చు.