తల తిరిగితే తప్పు సైనస్‌దేనా?

సూరత్‌లోని లింబాయత్‌లో సాంచాల (మరమగ్గాల) మోత మధ్య కూడా తెలుగు మాటలు వినిపిస్తాయి. ఉమ్మడి వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల నుంచి వలస వెళ్లి స్థిరపడ్డ పద్మశాలీలు అక్కడ చాలామంది. పొద్దస్తమానం నూలు పీచులో పనిచేసేవాళ్లకు ముక్కు దిబ్బడ మామూలే. దానికి తోడు తల తిరిగిందంటే, 'సైనస్ ముదిరింది' అని ఆవిరి పట్టుకుంటారు. ఆ మాటలో నిజం కొంతే.

మనల్ని తూలకుండా నిలబెట్టేది సైనస్ కాదు, లోపలి చెవి. అక్కడి మూడు అర్ధవృత్తాకార నాళాల్లో ద్రవం కదిలితే తల ఎటు తిరిగిందో మెదడుకు తెలుస్తుంది. మరి ముక్కుకూ దీనికీ చుట్టరికం ఎక్కడ? ముక్కు వెనక నుంచి నడిమి చెవికి సుమారు మూడున్నర సెంటీమీటర్ల సన్నని గొట్టం ఉంది. పేరు యూస్టాకియన్ నాళం. గుటక వేసినప్పుడు, ఆవలించినప్పుడు తెరుచుకుని చెవిలోకి గాలి పంపుతుంది. 12 వారాలు దాటినా తగ్గని సైనస్ వాపు ఈ గొట్టం మూతిదాకా పాకిందంటే గాలి ఆడదు. కర్ణభేరి లోపలికి లాక్కుపోతుంది, ఒక్కోసారి వెనక నీరు చేరుతుంది. చెవులు మూసుకుపోతాయి, కొందరికి అడుగు తడబడుతుంది.

అయితే పక్కకు ఒత్తిగిలగానే గది గిర్రున తిరిగి, నిమిషంలోపే ఆగిపోతే అనుమానించాల్సింది ముక్కును కాదు. లోపలి చెవిలో ఉండే సున్నపు రవ్వలు చోటు తప్పి నాళంలో పడి ఉంటాయి. డాక్టరు తలను ఒక వరసలో తిప్పి వాటిని వెనక్కి పంపగలరు. ముక్కులో ఎన్ని చుక్కలు వేసినా ఇది తగ్గదు.

ఇంకో దొంగ మైగ్రేన్. 2004లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 'నాది సైనస్ తలనొప్పి' అని వచ్చిన 2,991 మందిని పరీక్షిస్తే 88 శాతం మందికి మైగ్రేన్ లక్షణాలే కనిపించాయి. తల తిప్పడం దానికీ ఉంది!

మందుల సంగతి వేరే. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ లాంటి పాతకాలపు మందులు మగతనిస్తాయి, తూలిస్తాయి. మెడికల్ షాపులో అడిగి కొనుక్కుని నైట్ షిఫ్టుకు పోయేవాడికి అసలు ముప్పు ఇది. సాంచాల పక్కన నడవడానికి ఉండే దారి ఇరుకు. అందుకే డాక్టరుకు జబ్బుతో పాటు వేసుకుంటున్న మాత్రలు, చేసే పని కూడా చెప్పాలి. మోతలో చెవి దెబ్బతిందేమో కూడా అప్పుడే చూస్తారు. తల తిరగడంతో పాటు మాట ముద్దయినా, ఒకటి రెండుగా కనిపించినా, చెయ్యి పట్టు తప్పినా అది పక్షవాతం కావచ్చు. 108కి ఫోన్ చేయాలి.