అహోశబ్దము — ఆశ్చర్యచిహ్నము

నల్లమల కొండలలో, నేఁడు నంద్యాల జిల్లాకుఁ జేరిన ఆళ్లగడ్డకుఁ జేరువనున్న అహోబిల క్షేత్రమున కాపేరు ఒక ఆశ్చర్యోక్తివలనఁ గలిగినదని స్థలపురాణము చెప్పుచున్నది. హిరణ్యకశిపుని వధించిన నృసింహుని పరాక్రమముఁ గాంచి దేవతలు ‘అహో బలం!’ అనిరఁట. గరుత్మంతుఁడు స్వామి వెలసిన గుహను జూచి ‘అహో బిలం!’ అనెనని వేఱొక కథ. ఏది పూర్వమైనను, సంభ్రమోక్తి స్థలనామమైనది. ఆ నామమే కాలక్రమమున ఓబులేసు, ఓబయ్య, ఓబుళమ్మ అను వ్యక్తినామములుగా మాఱినది. ఓబయ్యను బిలుచువాని మనస్సున నిప్పు డాశ్చర్యము లేశమును లేదు.

ఆంగ్లలేఖనమున ఆశ్చర్యచిహ్నము నెచట నుంచవలయునను ప్రశ్నకు ఈ క్షేత్రనామమే సమాధానము. చిహ్నము పదమునకుఁ గాదు, పలికిన తీరునకు. దేవతల వాక్యమున కది తగును. ఊరి పేరునకుఁ దగదు.

‘అహో’ అనునది నిపాతము. పాణిని ‘ఓత్’ సూత్రముచే (1.1.15) ఓకారాంతనిపాతము ప్రగృహ్యమై, అచ్చు పరమైనను సంధిఁ బొందదు. చిహ్నము లేని కాలమున ఆశ్చర్యోక్తి విరుపును వ్యాకరణమే కాపాడినదన్నమాట. తాళపత్రములలో దండమే ప్రధానవిరామము. ఆశ్చర్యచిహ్నము ఇటలీదేశమున 14వ శతాబ్దిలోఁ బుట్టి, 1399లో కొలూచ్చో సలుటాటి రచనలోఁ గానవచ్చి, పిదప ఆంగ్లమునకును, ముద్రణముతోడఁ దెలుఁగునకును వచ్చినది.

ఆంగ్లమున దీనికి స్థానములు మూఁడు. మొదటిది, ‘అలాస్’, ‘హుర్రే’ వంటి భావబోధకావ్యయముల పిదప. రెండవది, ‘వాట్’, ‘హౌ’ అను పదములతో మొదలైన ఆశ్చర్యవాక్యముల తుద. మూఁడవది, శాపము, ఆక్రోశము, తీవ్రమైన ఆజ్ఞ, ఉత్కటమైన కోరిక తెలుపు వాక్యముల తుద. శాంతమైన ఆజ్ఞకుఁ బూర్ణవిరామమే చాలును. సామాన్యసంబోధనకు అల్పవిరామమే తగును. మన శతకముద్రణములలో మకుటము తుద నీ చిహ్నముంచు వాడుకనుబట్టి ఆంగ్లలేఖలలో సంబోధనమున కెల్ల దీనినే చేర్చుట దోషము. రెండు మూఁడు చిహ్నములను వరుసగా నుంచుటయు శిష్టసమ్మతము గాదు. ఫౌలరుపండితుఁడు 1926లోఁ బ్రకటించిన తన ఆంగ్లప్రయోగకోశమున మితప్రయోగమునే విధించెను.

ఇచట నొక భేదము గమనింపఁదగినది. ‘హౌ స్ట్రాంగ్ హీ ఈజ్!’ అన్నచో ఆశ్చర్యము. ‘హౌ స్ట్రాంగ్ ఈజ్ హీ?’ అన్నచో ప్రశ్న. ఆంగ్లమునఁ బదక్రమమే సాధారణముగా భేదమును దెలుపును. తెలుఁగున ‘ఎంత బలము’ అను వాక్యము రెంటికిని నొక్కటియే. నోట స్వరము తెలుపుదానిని అచ్చునఁ జిహ్నమే తెలుపవలసియున్నది. కావున ఆంగ్లమునకంటెఁ దెలుఁగుననే దీని బాధ్యత గురుతరము.

ఈ బాధ్యత ముఖ్యముగాఁ బ్రాచీనకావ్యపరిష్కర్తలది. ‘ఔరా’ అనునది మెప్పును గావచ్చును, ఎత్తిపొడుపును గావచ్చును. ‘ఎంతవాఁడవు’ అనుచోట నొక చిహ్నము పొగడ్తను, వేఱొకటి ప్రశ్నను దోఁపించును. తాటియాకున లేని గుర్తును జేర్చిన పరిష్కర్త, తెలిసియో తెలియకయో, అచట వ్యాఖ్యాత యగుచున్నాఁడు. అట్టిచోటుల సందర్భమును శోధించి చిహ్నముంచవలయును. సందేహమున్నచో నుంచకుండుటయే మేలు. పాఠశాలలో విద్యార్థికిఁ బద్యము చెప్పునపుడును ఆ చిహ్నము కవిది గాదని తెలుపుట పండితుల విధి.