గాలినడిగి కట్టిన ఊరు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. పెళ్ళి సంగతి అలా ఉంచి, ఇవాళ ఇంటి సంగతి చెప్పుకుందాం. కొత్తగా ప్లాట్లు వేసేచోట మొదట ఏం జరుగుతుందో మీరంతా చూసే ఉంటారు. ఉన్న వేపచెట్టూ చింతచెట్టూ కొట్టేస్తారు. నేలంతా చదును చేస్తారు. రాళ్ళు పాతి నంబర్లు వేస్తారు. ఇక ఇల్లు లేచాక మనం చేసే మొదటి పని ఏమిటి? కుండీలో ఒక మొక్క తెచ్చి పెట్టుకోవడం! మేమూ అంతే చేశాం. పడమటి ఎండ తిన్నగా మా వంటింట్లోకి వస్తుందన్న సంగతి, గృహప్రవేశమయ్యాక వచ్చిన మొదటి వేసవిలో గాని మాకు తెలిసిరాలేదు.

అందుకే, నేలనీ గాలినీ ముందు అడిగి ఆ తరువాత ఇళ్ళు కట్టిన ఒక ఊరి కథ మీకు చెప్పాలనిపించింది. ఆ ఊరు మన దేశంలో లేదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన సుమారు వంద మైళ్ళ దూరంలో, పసిఫిక్ సముద్రపు ఒడ్డున ఉంది. పేరు సీ రాంచ్. రాంచ్ అంటే పశువుల్నీ గొర్రెల్నీ పెంచే పెద్ద కమతం. పది మైళ్ళ పొడుగునా సముద్రం, సుమారు 5,000 ఎకరాల నేల. సెలవులకి వచ్చి ఉండేవారి కోసం పథకం ప్రకారం కట్టిన ఊరది.

ఆ నేల మొదట కషాయా పోమో అనే తెగవారిది. ఆ స్త్రీలు బుట్టలల్లడంలో పేరు పొందినవారు. తీరానికి వచ్చి సముద్రపు నాచూ, గుల్లలూ, ఉప్పూ తీసుకువెళ్ళేవారు. 19వ శతాబ్దంలో బయటివారు వచ్చారు. కొండల మీది అడవి కొట్టి కలప అమ్ముకున్నారు. ఆ తరువాత గొర్రెల్ని మేపారు. గాలి ఆపడానికి సైప్రస్ చెట్లు వరసలు వరసలుగా నాటారు. మన కోస్తాలో సరుగుడు తోపులు పెంచుతారే, అలాగన్నమాట. ఏళ్ళ తరబడి గొర్రెలు మేసి మేసి నేల బక్కచిక్కిపోయింది గాని, ఆ చెట్ల వరసలు మాత్రం నిలిచాయి. కథకి అవే కీలకం.

1963లో ఈ భూమిని ఒక కంపెనీ కొన్నది. హవాయి దీవుల్లో చెరకూ అనాసా వ్యాపారం చేసే క్యాసిల్ అండ్ కుక్ వారి అనుబంధ సంస్థ అది. ఆ సంస్థ తరఫున పని నడిపిన ఆల్ బోకీ స్వయంగా ఆర్కిటెక్టు. ఆయన వెంటనే రాళ్ళు పాతించలేదు. లారెన్స్ హాల్‌ప్రిన్ అనే ఆయన్ని పిలిపించాడు. చెట్లూ, నేలా, నీళ్ళూ చూసి స్థలాన్ని తీర్చిదిద్దే విద్యలో ఆయన దిట్ట. కుర్రతనంలో పాలస్తీనాలో ఒక సమష్టి వ్యవసాయ క్షేత్రంలో ఉండి వచ్చినవాడు. నేలని పదిమందీ కలిసి అనుభవించవచ్చునన్న నమ్మకం ఆయనకి అక్కడినుంచే వచ్చింది.

హాల్‌ప్రిన్ ఏం చేశాడో తెలుసా? తీరమంతా కాలినడకన తిరిగాడు. అక్కడే మకాం పెట్టాడు. గాలి ఏ నెలలో ఎటు వీస్తుంది, ఎంత జోరుగా వీస్తుంది, పొగమంచు ఎక్కడ నిలుస్తుంది, ఎండ ఎక్కడ వెచ్చగా తగులుతుంది, అన్నీ బొమ్మలు గీసి రాసుకున్నాడు. అక్కడ సముద్రపు గాలి మన సాయంకాలపు చల్లగాలి లాంటిది కాదు. వాయవ్యం నుంచి వీచి ఎముకలు కొరికేస్తుంది. ఆరుబయట కూర్చోవడమే కష్టం.

అయితే సైప్రస్ వరసల చాటున నిలబడితే గాలి లేదు! అదీ ఆయన కనిపెట్టిన కిటుకు. ఇళ్ళన్నీ ఆ వరసల చాటున గుంపులుగా కట్టండి, మధ్య పచ్చికబయళ్ళు అందరికీ ఉమ్మడిగా వదిలేయండి అన్నాడు. దానితో రెండు లాభాలు. ఇంటికి గాలి బాధ తప్పుతుంది. ముందు ఇల్లు వెనక ఇంటికి అడ్డు రాదు గనక అందరికీ సముద్రం కనపడుతుంది. ఊరి నేలలో సుమారు సగం ఉమ్మడిగా మిగలాలని అప్పుడే అనుకున్నారు.

ఇంటి పైకప్పులోనూ ఒక తెలివి ఉంది. ఆ ఒడ్డున చెట్లు గాలికి ఒక పక్కకి వాలి పెరుగుతాయి. ఇంటి కప్పులు కూడా అదే వాలులో వేశారు. గాలి కప్పు మీదుగా జారి పైకి పోతుంది, వెనక పెరట్లో ప్రశాంతంగా ఉంటుంది. చూరు బయటికి పొడుచుకు వస్తే గాలి దాన్ని పట్టి ఊపుతుంది గనక, చూరే తీసేశారు. జోసెఫ్ ఎషెరిక్ అనే ఆర్కిటెక్టు కట్టిన కొన్ని ఇళ్ళ కప్పుల మీద మట్టి పోసి గడ్డి పెంచారు. ఛార్లెస్ మూర్, డాన్లిన్ లిండన్, విలియం టర్న్‌బుల్, రిచర్డ్ విటేకర్ అనే నలుగురు కలిసి, 1965లో సముద్రపు గట్టు మీద పది ఇళ్ళని ఒకే సముదాయంగా కట్టారు. చూస్తే గడ్డి దాచుకునే పాత కొట్టంలా ఉంటుంది. రంగులేదు, మెరుపులేదు. ఉత్త కొయ్య. వానకీ ఎండకీ ఆ కొయ్యే వెలిసి బూడిదరంగుకి తిరుగుతుంది.

ఇక్కడ ఒక స్త్రీ సంగతి చెప్పాలి. ఆమె పేరు బార్బరా స్టాఫకర్ సాలమన్. చిన్నవయసులోనే మొదటి భర్త పోతే, కూతుర్ని వెంటబెట్టుకుని స్విట్జర్లాండు వెళ్ళి అక్షరాల చిత్రకళ నేర్చుకుని వచ్చింది. సీ రాంచ్‌లో ఈతకొలను పక్కన బట్టలు మార్చుకునే గదులు కట్టారు. గాలి కోసం వాటిచుట్టూ మట్టికట్ట పోశారు. లోపలి గోడలు సింగారించడానికి పెద్దగా డబ్బు లేదు. ఆమె రంగు డబ్బాలు తెప్పించి, గోడల నిండా పెద్ద పెద్ద చారలూ, బాణాలూ, అక్షరాలూ వేయించింది. ఆ పద్ధతి తరువాత దేశమంతా పాకింది. గొర్రెపొట్టేలు కొమ్ములతో ఊరి గుర్తు గీసిందీ ఆమే.

ఊరికి కట్టుబాట్లున్నాయి. ఇంటికి రంగులు వేయకూడదు. ప్రహరీ కట్టకూడదు. ఇంటిముందు నీళ్ళు తాగే పచ్చిక పెంచకూడదు, అక్కడ పుట్టే మొక్కలే పెంచాలి. నిలిపిన కారు గాని, ఆరేసిన బట్టలు గాని దారినపోయేవారి కంట పడకూడదు. వింటూంటే మీకు నవ్వు రావచ్చు. బట్టలు ఎండలో కాక మరెక్కడ ఆరేస్తాం తల్లీ అంటారు. నిజమే. కాని ‘నా ఇల్లు నా ఇష్టం’ అని ఎవరికివారు అనుకుంటే, అందరూ చూడవచ్చిన ఆ బయలు మిగలదు గదా!

ఇంతవరకూ కథ బాగానే ఉంది. అసలు చిక్కు ఇక్కడ వచ్చింది. కాలిఫోర్నియా చట్టం ప్రకారం సముద్రపు పోటుకి తడిసే ఇసుక ప్రజలందరిదీ. సరే, ఆ ఇసుక దగ్గరికి పోయే దారి ఎవరిది? పది మైళ్ళ తీరం ప్రైవేటు ఊరయిపోయింది. అంతకుముందు చేపలకీ గుల్లలకీ వెళ్ళేవారికి దారి మూసుకుపోయింది. ఉత్తరపు కొసన పార్కుకి నేల ఇచ్చాం చాలదా, జనం వచ్చిపడితే ఈ గడ్డీ పక్షులూ ఏమవుతాయి అన్నారు ఊరివారు. ప్రకృతిని కాపాడ్డమంటే మమ్మల్ని బయట నిలబెట్టడమా అన్నారు అవతలివారు. 1968లో ఆ కౌంటీలో ఓట్లు పెడితే దారి అడిగినవారు ఓడిపోయారు. అయినా ఊరుకోలేదు. 1972లో రాష్ట్రమంతటా ఓటు జరిగి, తీరం మీద ఏం కట్టాలన్నా అనుమతి ఇవ్వడానికి ఒక కమిషన్ ఏర్పడింది. 1976లో దానికి శాశ్వత చట్టం వచ్చింది. దారి ఇస్తే గాని కట్టడానికి వీల్లేదంది కమిషన్. స్థలాలు కొనుక్కున్నవారు ఏళ్ళ తరబడి ఇల్లు కట్టుకోలేక కూర్చున్నారు. చివరికి 1980లో శాసనసభ చట్టం చేసి రాజీ కుదిర్చింది. ఊరి సంఘానికి 5 లక్షల డాలర్లు ముట్టాయి. ప్రజలకి సముద్రానికి పోయే కాలిదారులు దక్కాయి. మొదట 5,200 ఇళ్ళు అనుకున్నది, సుమారు 2,400కి తగ్గింది.

ఈలోగా ఊరివారు తమ మాట కూడా పూర్తిగా నిలుపుకోలేదు. గుంపులుగా కట్టే పద్ధతి పోయి, చాలా ఇళ్ళు పచ్చికబయళ్ళలోకి పాకాయి. స్థలాల ధరలు పెరిగి, అక్కడ పని చేసుకు బతికేవారికి అందకుండా పోయాయి. తన ఆలోచన సగంలోనే ఆగిందని హాల్‌ప్రిన్‌కే బాధ ఉండేది. అయినా ఊరు వట్టిపోలేదు. ఎండిన గడ్డికి నిప్పంటుకోకుండా మేయడానికి గొర్రెల్ని మళ్ళీ తీసుకువస్తున్నారు. 1965 నాటి ఆ పది ఇళ్ళని 2005లో జాతీయ చారిత్రక స్థలాల పట్టికలో చేర్చారు.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మొదట్లో చెప్పుకున్న కషాయా పోమో వారికి, సుమారు 150 ఏళ్ళు తీరానికి దూరమయ్యాక, 2015లో సీ రాంచ్‌కి దక్షిణాన సుమారు 690 ఎకరాల సముద్రపు నేల తిరిగి దక్కింది. అంతకాలం బయట నిలబడ్డవారు గదా, వారు దడి కట్టుకున్నా ఎవరూ తప్పు పట్టరు. కాని ఆ నేల మీదుగా అందరూ నడిచే తీరపుదారికి చోటిచ్చారు.

గాలిని అడిగి ఇల్లు కట్టడం తెలివి. పొరుగువాడికి దారి వదిలి కట్టడం సంస్కారం. మొదటిది హాల్‌ప్రిన్ ఒక్క ఏడాదిలో నేర్పాడు. రెండోది నేర్చుకోవడానికి ఆ ఊరికి పదిహేనేళ్ళు పైగా పట్టింది. రేపు మీరు ఇంటి ప్లాను గీయించేటప్పుడు, పడమటి ఎండ ఎక్కడ పడుతుందో ముందు చూడండి. దానితోపాటే, మన గోడ లేస్తే ఎవరి దారి, ఎవరి గాలి ఆగిపోతాయో కూడా ఒక్కసారి బయటికి వచ్చి నిలబడి చూడండి.